చెన్నై నుంచి తరంగంబాడి దాకా తీరం వెంట పాత ఊళ్ళు, పాత కట్టడాలు చూడాలి – ఎలా ప్లాన్ చేసుకుంటే బాగుంటుంది?

కడలి_చెన్నై:

అందరికీ నమస్తే అండి. మేము చెన్నైలో ఉంటాం, సొంతూరు ఒంగోలు పక్కన. మా నాన్నగారు హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యారు, సంక్రాంతి అయ్యాక ఇక్కడికి వస్తానన్నారు. ఆయన్ని తీసుకుని కార్లో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీదుగా కిందకి తరంగంబాడి దాకా వెళ్ళి రావాలని ఎప్పట్నించో అనుకుంటున్నా. బీచ్‌లు, రిసార్ట్‌లు మాకు అక్కర్లేదు, డచ్ వాళ్ళు, డేన్స్ (డెన్మార్క్) వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు వచ్చి ఉన్న ఊళ్ళు, ఆ కోటలు, చర్చిలు, పాత ఇళ్ళు, గుళ్ళు ఇవే చూడాలి. నాన్నగారు జీవితమంతా క్లాసులో కోరమాండల్ తీరం, ఈస్టిండియా కంపెనీలు అని పాఠం చెప్పారు కానీ మహాబలిపురం తప్ప వీటిల్లో ఒక్క ఊరు కూడా కళ్ళారా చూడలేదు, అందుకే ఈసారి ఎలాగైనా చూపించాలని పట్టుదలగా ఉన్నా.

నెట్‌లో వెతికితే పుదుచ్చేరి అనగానే పసుపు గోడల ముందు ఫొటోలు, కాఫీ షాపుల లిస్టులే వస్తున్నాయి. పులికాట్ గురించి ఒకళ్ళు అద్భుతం అంటారు, ఇంకొకళ్ళు అక్కడ ఏమీ లేదు వెళ్ళొద్దు అంటారు. సద్రాస్ కోట అని ఒకటుందట, దాని గురించి సరిగ్గా రాసినవాళ్ళే కనపడలేదు. మీలో ఎవరైనా వెళ్ళొచ్చిన వాళ్ళుంటే ఏ ఊరికి ఎంత టైం పెట్టుకోవాలి, ఏది వదిలేసినా పర్లేదు, పుదుచ్చేరిలో అసలు ఏం చూడాలి, ఇవి చెప్పండి ప్లీజ్. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, నడుస్తారు కానీ మెట్లు ఎక్కువైతే కష్టం, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

---

గానుగసున్నం:

కడలి గారూ, నేను పాత కట్టడాల రిపేరు పనుల్లో ఉంటాను, ఎక్కువగా సున్నం పని. ఈ తీరం మీదే చాలా ఏళ్ళుగా తిరుగుతున్నా కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒకటి, చాలామంది చేసేది ఏంటంటే పుదుచ్చేరిలో దిగి, అక్కణ్ణుంచి ఒక పూట తరంగంబాడి వెళ్ళి, కోట ముందు ఫొటో దిగి చీకటి పడేలోపు వెనక్కి వచ్చేస్తారు. అలా చేయకండి. పుదుచ్చేరి నుంచి తరంగంబాడి దాదాపు 120 కిలోమీటర్లు, రోడ్డు మీదే సగం రోజు పోతుంది, మిగిలిన టైంలో ఎండ నెత్తి మీద ఉంటుంది. తరంగంబాడిలో రాత్రి ఉండండి. ఈ రూట్ మొత్తంలో నన్ను ఒక్క ఊరే ఎంచుకోమంటే అదే ఎంచుకుంటా. మిగతా చోట్ల కోటో చర్చో ఏదో ఒకటి విడిగా మిగిలింది, ఇక్కడ మాత్రం ఒక చిన్న ఊరు ఊరంతా మిగిలింది.

ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు తెల్లటి గేటు ఒకటి దాటతారు, 1792లో కట్టింది, పైన డెన్మార్క్ రాజు ముద్ర ఉంటుంది. అది దాటగానే రాజవీధి, కింగ్ స్ట్రీట్ అంటారు, సరాసరి సముద్రం వైపుకి పోతుంది. దారిలో రెండు చర్చిలు, 1701లో కట్టిన జియాన్ చర్చి, 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చి. ఈ రెండోది కట్టించింది జీగెన్‌బాల్గ్ అనే జర్మన్ పాస్టర్, 1706లో వచ్చాడు, తమిళం నేర్చుకుని, ప్రింటింగ్ ప్రెస్ తెప్పించి 1715 కల్లా తమిళంలో కొత్త నిబంధన అచ్చు వేయించాడు, ఆయన సమాధి ఆ చర్చి లోపలే ఉంది. ఆ వీధి చివర సముద్రానికి ఎదురుగా డాన్స్‌బోర్గ్ కోట, 1620లో మొదలుపెట్టింది.

మీ నాన్నగారికి ఇక్కడ నచ్చే సంగతి ఇంకోటుంది. ఆ కోటకి స్థలం ఇచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు. తెలుగులో రామాయణం రాసుకున్న రాజు, ఒవె గ్యెద్దె అనే డేనిష్ నౌకాధిపతితో ఒప్పందం చేసుకున్నాడు. ఆయన డెన్మార్క్ రాజుకి బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. ఇవన్నీ తెలిసిన మనిషి ఆ బురుజు మీద నిలబడి చూస్తే ఆ అనుభవమే వేరు.

కోటకి ఉత్తరంగా నాలుగడుగులు నడిస్తే ఒడ్డు మీద మాసిలామణినాథర్ గుడి. పాండ్య రాజు మారవర్మన్ కులశేఖరుడి కాలంలో 1306లో కట్టింది. అంటే డేన్స్ రావడానికి మూడొందల ఏళ్ళ ముందే ఇది రేవు. గుడి ముందు భాగమంతా సముద్రం తినేసింది, మిగిలిన దాన్ని నిలబెట్టడానికి ఒడ్డున బండరాళ్ళు పోశారు. మధ్యలో కొంత కొత్తగా కట్టారు, ఏది పాత రాయో ఏది కొత్తదో దగ్గరికెళ్ళి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది, పాత రాయి మీద ఉప్పుగాలికి చెక్కడాల అంచులు మొద్దుబారి ఉంటాయి.

ఈ ఊరు ఇలా మిగలడానికి కారణం వ్యాపారం పడిపోవడమే. 1845లో డేన్స్ వాళ్ళు బెంగాల్లో తమకున్న సేరంపూర్‌తో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి ఇంగ్లీషు వాళ్ళకి అమ్మేశారు, తర్వాత రైలు నాగపట్నానికి రావడంతో సరుకంతా అటు పోయింది, కొత్త బిల్డింగులు కట్టేంత డబ్బు ఊళ్ళోకి రాలేదు, పాతవి పడగొట్టే అవసరం ఎవరికీ పడలేదు.

ఇక కట్టడాలు చూసేటప్పుడు గోడల్ని కాస్త దగ్గరగా చూడండి. ఈ తీరం మీద పనంతా ఇటుక, గుల్ల సున్నం. ఆలిచిప్పలు, నత్తగుల్లలు బట్టీలో కాల్చి, ఇసకతో కలిపి గానుగలో రుబ్బి, కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి వాడేవాళ్ళు. పైపూతకి గుడ్డు తెల్లసొన కూడా కలిపి నున్నటి రాయితో రుద్దితే చలవరాయిలా మెరుస్తుంది, మంచి స్థితిలో ఉన్న పాత ఇంట్లో గోడ మీద చెయ్యి పెడితే ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది. కప్పు మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా సున్నంలో పేర్చి, ఆ పైన ఇటుకముక్కల కాంక్రీట్ వేసి చెక్క బాదులతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. కింద నించుని పైకి చూస్తే దూలాల మధ్య ఆ ఐమూల వరసలు కనపడతాయి.

సున్నం గోడ చెమ్మని లోపలికి తీసుకుంటుంది, మళ్ళీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూశారంటే చెమ్మ లోపలే ఉండిపోయి, దాంతోపాటు సముద్రపు ఉప్పు ఇటుకలో పేరుకుని, పొడిపొడిగా రాలిపోతుంది. ఈ ఊళ్ళన్నిట్లో పాత ఇళ్ళని సముద్రం కంటే మంచి ఉద్దేశంతో చేసిన సిమెంట్ రిపేర్లే ఎక్కువ పాడుచేశాయి, ఇది నేను రోజూ చూసే బాధ. మీరు నడిచేటప్పుడు ఒక గోడ కింద నడుమెత్తు వరకూ పెచ్చులూడి, పైన బాగుందంటే అక్కడ సిమెంట్ పని జరిగిందని దాదాపు చెప్పేయొచ్చు.

సద్రాస్ గురించి అడిగారు కదా, తప్పకుండా ఆగండి. మహాబలిపురం నుంచి కిందకి కొద్ది దూరం, కల్పాక్కం టౌన్‌షిప్ పక్కనే. డచ్ వాళ్ళ ఇటుక కోట, గోడలు సముద్రం వైపు చూస్తూ ఉంటాయి, లోపల వాళ్ళ సమాధులు, రాళ్ళ మీద డచ్ అక్షరాలు, వంశ చిహ్నాలు చాలా శ్రద్ధగా చెక్కి ఉంటాయి. సమాధుల గేటుకి తాళం ఉంటే అక్కడున్న వాచ్‌మన్‌ని అడగండి. గంట చాలు. అక్కణ్ణుంచి ఇంకా కిందకి కడపాక్కం దగ్గర ఆలంపరై కోట, 1750లో దక్కన్ సుబేదారు ముజఫర్ జంగ్ దీన్ని ఫ్రెంచి గవర్నరు డూప్లేకి ఇచ్చాడు, 1760లో ఇంగ్లీషు వాళ్ళు పట్టుకుని కూలగొట్టారు. బ్యాక్‌వాటర్ పక్కన విరిగిన గోడలు, అంతే, టైం ఉంటేనే వెళ్ళండి.

మహాబలిపురం నాన్నగారు చూసేశారు కాబట్టి ఈసారికి వదిలేయండి.

---

సూళ్ళూరుపేట_రైలు:

పులికాట్ గురించి నేను చెప్తా. మాది ఆ సరస్సుకి ఇటు వైపు, చిన్నప్పట్నుంచి పడవల్లో అటూ ఇటూ తిరిగినోళ్ళం.

ఏమీ లేదు అనేవాళ్ళు కోట కోసం వెళ్ళుంటారు, కోట నిజంగానే లేదు. గెల్డ్రియా కోట అని 1613లో కట్టారు, ఇప్పుడు కందకం గుర్తుపట్టొచ్చు, లోపలంతా సర్కారు తుమ్మ. కానీ ఒక్కసారి ఆలోచించండి, అది డచ్ వాళ్ళకి ఈ తీరం మొత్తానికి హెడ్డాఫీసు. మన బందరు, భీమిలి, కాకినాడ పక్క జగన్నాథపురం అన్నీ దీని కిందే. 1690లో ఆఫీసుని నాగపట్నం మార్చారు, 1781లో ఇంగ్లీషోళ్ళు నాగపట్నం పట్టుకుంటే మళ్ళీ ఇక్కడికే వచ్చారు. కోటలో నాణేలు కొట్టారు, తుపాకీ మందు తయారుచేశారు. మొదట వాళ్ళకి ఇక్కడ చోటిచ్చింది మన చంద్రగిరి రాయలు వెంకటపతి, 1610లో.

చూడాల్సింది డచ్ సమాధుల తోట. గేటుకి రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు ఉంటాయి, అలాంటిది నేను ఇంకెక్కడా చూళ్ళేదు. లోపల పెద్ద పెద్ద రాతి పలకలు, అంచుల చుట్టూ పూలతీగలు, మధ్యలో అక్షరాలు, నాలుగొందల ఏళ్ళకి దగ్గర పడుతున్నా వేలితో తడిమితే లోతు తెలుస్తుంది. పురావస్తు శాఖ కాపలా ఉంది, శుభ్రంగానే ఉంచారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, నాన్నగారు లెక్చరర్ అన్నారు కాబట్టి ఆయనకి తెలిసే ఉంటుంది. ఈ రేవు నుంచి బట్టలు మాత్రమే పోలేదు, మనుషులు కూడా పోయారు. కరువులొచ్చినప్పుడు తిండిలేక అమ్ముడుపోయిన వాళ్ళని ఓడలెక్కించి బటేవియా (ఇప్పటి జకార్తా) తీసుకెళ్ళారు. వాళ్ళలో మన వైపు వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి ఇక్కడ ఒక్క రాయి కూడా లేదు. నేను ఆ తోటకి ఎవర్ని తీసుకెళ్ళినా ఈ సంగతి చెప్పకుండా ఉండను.

ప్లానింగ్ విషయానికొస్తే దీన్ని దక్షిణం ట్రిప్‌లో కలపొద్దు, చెన్నైకి ఉత్తరాన ఉంది, ఒక ఆదివారం విడిగా పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేయొచ్చు, 60 కిలోమీటర్ల లోపే. జనవరి అయితే ఫ్లెమింగోలు ఉంటాయి, ఇంకా ఓపికుంటే ఇంకో రోజు మా సూళ్ళూరుపేట వైపు వచ్చి నేలపట్టు కూడా చూడండి, కొంగలు, గూడబాతులు చెట్ల నిండా ఉంటాయి. పులికాట్‌లో మెట్లెక్కే పని లేదు. నేల మాత్రం ఎగుడుదిగుడుగా ఉంటుంది, చెప్పులు కాకుండా బూట్లు వేయించండి.

---

బందరు_అబ్బాయి:

అన్నీ బాగున్నాయి కానీ నాదొక అభ్యంతరం అండి. కోరమాండల్ అనగానే అందరూ చెన్నై నుంచి కిందకే చూస్తారు, పైకి చూడరు. నాన్నగారు ఒంగోలు నుంచి కదా వచ్చేది? అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే.

చీరాల దగ్గర మోటుపల్లి ఉంది. ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. అంతకు ముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకు మొత్తం లాక్కునేవాళ్ళు, నేను అలా చేయను, న్యాయమైన సుంకం తప్ప ఇంకేం తీసుకోను అని సముద్ర వ్యాపారులకి రాజు స్వయంగా మాటిచ్చాడు. రుద్రమదేవి రోజుల్లో మార్కో పోలో వర్ణించిన రేవు కూడా ఇదే. డచ్ వాళ్ళు, డేన్స్ వాళ్ళు రావడానికి మూడొందల ఏళ్ళకి పైన ముందు సంగతి ఇది. తీరంలో పరదేశి వ్యాపారం ఎలా నడిచింది అనేది తెలియాలంటే మొదటి పేజీ అక్కడుంది.

తర్వాత మా బందరు. డచ్ వాళ్ళు 1605లో, ఇంగ్లీషు వాళ్ళు 1611లో ఇక్కడికే వచ్చారు, అప్పటికి మద్రాసు అనే ఊరే లేదు. గోల్కొండ వాళ్ళకి ఇదే ముఖ్యమైన రేవు. ఊళ్ళో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి, ఎవరెక్కడ ఉన్నారో మ్యాప్ లేకుండానే తెలుస్తుంది. డచ్ సమాధులు ఉన్నాయి, పులికాట్‌లో ఉన్నట్టే చెక్కిన పలకలు, ఇవి కూడా పురావస్తు శాఖ కింద ఉన్నాయి. బందరు కోటలో కొన్ని గోడలు మిగిలాయి. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ రాత్రిపూట దాడి చేసి ఫ్రెంచి వాళ్ళ నుంచి ఈ కోట పట్టుకున్నాడు, దాంతోనే ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి వాళ్ళ పని అయిపోయింది.

మరి తరంగంబాడిలా మా ఊరు ఎందుకు మిగల్లేదు అంటారా, 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. ముప్పై వేల మంది దాకా పోయారు. ఆ దెబ్బకి రేవు మళ్ళీ కోలుకోలేదు. మా తాతల తరం దాకా ఇళ్ళల్లో ఆ ఉప్పెన మాట వచ్చేది. బందర్లో పాత కట్టడం ఏదైనా కనపడిందంటే అది ఆ రాత్రిని దాటుకుని వచ్చిందని తెలుసుకుని చూడాలి. పక్కనే పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఈ కంపెనీల వాళ్ళంతా సముద్రాలు దాటి వచ్చింది ఈ అద్దకం బట్టల కోసమే కదా, గోడలు చూసి బట్ట చూడకపోతే సగమే చూసినట్టు.

మీరు తరంగంబాడి మానేయమని కాదు నేననేది. నాన్నగారు చెన్నై వచ్చే దారిలో రైలెక్కేబదులు మీరే ఒంగోలు వెళ్ళి, ఒక రోజు మోటుపల్లి, బందరు చూపించి తీసుకురావొచ్చు అంటున్నా.

---

గానుగసున్నం:

@బందరు_అబ్బాయి మీ మాట నిజం. బందరు డచ్ సమాధుల గురించి ఇంతకంటే ఎక్కువ మందికి తెలియాలి. కాకపోతే ఒంగోలు నుంచి బందరు వెళ్ళి మళ్ళీ చెన్నై అంటే పెద్దాయనకి ఒకే ట్రిప్‌లో బాగా ఎక్కువ. మోటుపల్లి చీరాల పక్కనే కాబట్టి అది చేయొచ్చు, బందరు, భీమిలి కలిపి ఇంకోసారి పెట్టుకుంటే బెటర్.

---

కడలి_చెన్నై:

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించా, మోటుపల్లి శాసనం మాట రాగానే ఆయన అందుకుని కుప్ప సుంకం గురించి పావుగంట చెప్పారు, సరుకు విలువలో ముప్పయ్యో వంతు మాత్రమే తీసుకుంటానని రాజు అన్నాడట. మోటుపల్లి వీరభద్రస్వామి గుడికి ఆయన కాలేజీ పిల్లల్ని తీసుకెళ్ళారట కూడా. బందరు మాత్రం వేసవి దాటాక విడిగా వెళ్తాం, మాటిస్తున్నా.

పులికాట్ ముందు ఆదివారం, తర్వాత దక్షిణం వైపు, ఇంతవరకూ ఓకే. ఇంకా రెండు డౌట్లు ఉన్నాయి. ఒకటి పుదుచ్చేరి గురించి ఎవరూ చెప్పలేదు. రెండోది డాన్స్‌బోర్గ్ కోటలో మెట్లు ఎన్ని ఉంటాయి, పైకి ఎక్కకపోతే చూసేదేమైనా ఉంటుందా?

---

యానాం_టు_పాండీ:

పుదుచ్చేరి నాకు వదిలేయండి అక్కా. మాది యానాం, ఉద్యోగం ఇక్కడ, ఎనిమిది వందల కిలోమీటర్ల పైన దూరం ఉన్నా కాగితాల మీద రెండూ ఒకటే కాబట్టి ఇక్కడికొచ్చి సెటిల్ అయిపోయా.

అందరూ వైట్ టౌన్ అని కాలవకి తూర్పు వైపే తిరుగుతారు. అది చూడండి, కాదనను, పొద్దున్నే ఆరింటికి వెళ్తే వీధులు ఖాళీగా ఉంటాయి, శని ఆదివారాలు అస్సలు వద్దు. ఎత్తైన ప్రహరీలు, పెద్ద గేట్లు, లోపల తోట, కమానుల వరండాలు, ఇల్లంతా గోడ వెనకాల ఉంటుంది. ఇంకోటి, ఈ గళ్ళ గళ్ళ వీధుల ప్లాన్ ఫ్రెంచి వాళ్ళు గీసింది అనుకుంటారు అందరూ, 1693లో డచ్ వాళ్ళు ఈ ఊరిని పట్టుకుని 1699 దాకా ఉంచుకున్నారు, ఆ కొద్ది కాలంలో వాళ్ళు గీసిన ప్లాన్ ఇది, ఫ్రెంచి వాళ్ళు తిరిగొచ్చి దాన్నే కొనసాగించారు. 1761లో ఇంగ్లీషు వాళ్ళు ఊరిని నేలమట్టం చేశారు, కాబట్టి వైట్ టౌన్‌లో కనిపించేది దాదాపు అంతా ఆ తర్వాత కట్టిందే.

అసలు చూడాల్సింది కాలవకి పడమర, తమిళుల వీధులు. అక్కడ ఇల్లు వీధిలోకి వస్తుంది. ముందు పెంకుల కప్పు వసారా, చెక్క స్తంభాల మీద, ఎండలో వానలో నడిచే వాళ్ళకోసం, దాన్ని తాళ్వారం అంటారు. దాని వెనక అరుగు, ఇంటివాళ్ళు, వచ్చినవాళ్ళు కూచోడానికి. ఆ తర్వాత చెక్కిన తలుపు, లోపల మన మండువా లోగిలి లాంటిదే. మీ నాన్నగారు చూడగానే గుర్తుపడతారు. తర్వాత్తర్వాత డబ్బున్నవాళ్ళు కింద అంతస్తు తమిళ పద్ధతిలో, పైన అంతస్తు ఫ్రెంచి పద్ధతిలో కట్టుకున్నారు, కింద చెక్క స్తంభాలు, పైన కమాను కిటికీలు, సున్నపు పూత స్తంభాలు. అలాంటి ఇళ్ళు వరసగా ఒకే వీధిలో చూడాలంటే వైశ్యాల్ వీధికి వెళ్ళండి. పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థ వాళ్ళు ఇంటివాళ్ళని ఒప్పించి ముందు భాగాలు బాగుచేయించారు, 2008లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. అరుగుల మీద పెద్దవాళ్ళు కూచుని పేపర్ చదువుతూ ఉంటారు, పలకరిస్తే మాట్లాడతారు, ఫొటో తీసేముందు మాత్రం అడగండి.

ఆ పక్కనే రంగపిళ్ళై వీధిలో ఆనంద రంగపిళ్ళై మేడ. డూప్లేకి దుబాసీ (మాటలు తర్జుమా చేసి వ్యవహారాలు నడిపే మనిషి) ఈయన, ఏళ్ళ తరబడి డైరీ రాశాడు, ఈ ఊరి 18వ శతాబ్దం గురించి మనకి తెలిసిందాంట్లో పెద్ద భాగం ఆ డైరీ వల్లే. మేడ 1738లో కట్టింది, 1761 విధ్వంసంలో కూడా మిగిలిన కొద్ది ఇళ్ళలో ఇదొకటి. కింద నల్లబడిన చెక్క స్తంభాలు, వాటి మీద దూలాల చివర్లకి చెక్కడాలు, అదే మెట్లెక్కి పైకెళ్తే తెల్లటి సున్నపు స్తంభాలు, అంటే ఆ మిశ్రమ పద్ధతి ఎలా మొదలైందో ఒకే ఇంట్లో కనపడుతుంది. ప్రైవేటు ఆస్తి కాబట్టి లోపలికి ముందుగా పర్మిషన్ కావాలి, ఊళ్ళో హెరిటేజ్ వాక్‌లు నడిపే వాళ్ళని అడిగితే దారి చెప్తారు. నాన్నగారికి ఇంకోటి చెప్పండి, తెలుగులో కస్తూరి రంగకవి రాసిన ఛందస్సు గ్రంథం ఈ రంగపిళ్ళై పేరు మీదే ఉంది. తమిళ దుబాసీ, ఫ్రెంచి గవర్నరు కొలువు, తెలుగు లక్షణ గ్రంథం. మా యానాం వాళ్ళకి ఇది భలే గర్వంగా ఉంటుంది.

బీచ్ రోడ్డు మీద మేయర్ ఆఫీసు, మెరీ అంటారు, 2014లో వానలకి కూలిపోయింది. పాత రూపంలోనే మళ్ళీ కట్టారు. చూడ్డానికి బాగుంది, కానీ పాతది కూలక ముందు ఏళ్ళ తరబడి రిపేర్ల గురించి మాటలే నడిచాయి, చేతలు లేవు. తమిళ వీధుల్లో ఇప్పటికీ నెలకొక ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపుతున్నట్టే అనిపిస్తుంది, అందుకే తొందరగా వచ్చి చూడండి అంటున్నా.

అరికమేడు అని ప్రాచీన రేవు ఊరి బయట నది ఒడ్డున ఉంది. 1945లో పురావస్తు శాఖ వీలర్ తవ్వించాడు, రోమన్ల మట్టిపాత్రలు, ద్రాక్షసారా జాడీల ముక్కలు దొరికాయి. ఇప్పుడు అక్కడ మామిడిచెట్లు, పాత మిషన్ కట్టడం తాలూకు రెండు ఇటుక గోడలు తప్ప ఏం లేవు. వస్తువులు పుదుచ్చేరి మ్యూజియంలో ఉన్నాయి, మ్యూజియం ముందు చూసి తర్వాత అక్కడికెళ్తే అర్థం ఉంటుంది.

@గానుగసున్నం అన్నా, మహాబలిపురం వదిలేయమన్నారు, ఒప్పుకుంటా కానీ సాళువంకుప్పం మాత్రం చూపించండి. దారిలోనే, మహాబలిపురం రాకముందే. 2004 సునామీ వెనక్కి వెళ్ళాక ఒక బండ మీద శాసనం బయటపడింది, దాన్ని పట్టుకుని పురావస్తు శాఖ వాళ్ళు 2005లో తవ్వితే మురుగన్ గుడి దొరికింది. పైన పల్లవుల కాలపు రాతి పని, దాని కింద ఇంకా పాత ఇటుక గర్భగుడి, ముందు రాతి వేల్ (మురుగన్ ఈటె). సముద్రం తీసుకుపోయిన గుడి తరంగంబాడిలో, సముద్రం తిరిగిచ్చిన గుడి ఇక్కడ. రెండూ ఒకే ట్రిప్‌లో చూసే అవకాశం ఉంది కదా.

---

గానుగసున్నం:

@యానాం_టు_పాండీ సాళువంకుప్పం సంగతి కరెక్ట్ తమ్ముడూ, అరగంట పని, తప్పకుండా ఆగొచ్చు. ఆ ఇటుకలు చాలా పెద్ద సైజు, ఇప్పటి ఇటుక పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

కడలి గారూ, డాన్స్‌బోర్గ్ పెద్ద కోట కాదు. లోపల విశాలమైన ఆవరణ, అది సమతలమే. సముద్రం వైపు రెండంతస్తుల కట్టడం, కింద అంతస్తు గోదాములు, వంటశాల, జైలు ఉండేవి, మందపాటి గోడలు, కమాను కప్పులు. కింద గదుల్లోకి హాయిగా వెళ్ళొచ్చు. పైన గవర్నరు ఉన్న గదులు, చిన్న ప్రార్థన గది, ఇప్పుడు మ్యూజియం. పైకి ఒక వరస మెట్లు ఎక్కాలి, మధ్యలో ఆగుతూ ఎక్కితే మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కూడా ఎక్కుతుండగా చూశా. బురుజుల మీదకి ఎక్కకపోయినా పర్లేదు. మధ్యాహ్నం ఎండ తగ్గాక వెళ్ళండి, ఎండ పడమటి నుంచి గోడ మీద ఏటవాలుగా పడినప్పుడు పూత పొరలు, అతుకులు అన్నీ స్పష్టంగా కనపడతాయి. గుడికి, రాజవీధికి తెల్లారే వెళ్ళండి.

ఇంకో ముఖ్య విషయం, మ్యూజియం శుక్రవారం మూసేస్తారు. మీ డేట్లు ఫిక్స్ చేసేముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

---

కడలి_చెన్నై:

అయితే ఇలా అనుకుంటున్నా. సోమవారం పొద్దున్నే బయల్దేరి సాళువంకుప్పం, సద్రాస్, సాయంత్రానికి పుదుచ్చేరి. మంగళవారం తెల్లారి వైట్ టౌన్, తర్వాత వైశ్యాల్ వీధి, మ్యూజియం. బుధవారం చిదంబరం మీదుగా తరంగంబాడి, అక్కడే రాత్రి, గురువారం పొద్దున గుడి చూసుకుని వెనక్కి. శుక్రవారం గొడవ లేదు. అరికమేడు టైం ఉంటే. చిదంబరంలో ఆగాలా?

---

సూళ్ళూరుపేట_రైలు:

చిదంబరంలో ఆగితే మధ్యాహ్నం గుడి మూసే టైంకి ఇరుక్కుపోకుండా చూసుకోండి. పుదుచ్చేరిలో పొద్దున్నే టిఫిన్ చేసి ఏడింటికల్లా బయల్దేరితే దర్శనం అయ్యి, భోంచేసి తరంగంబాడికి మూడింటికి చేరతారు, గానుగసున్నం అన్న చెప్పిన ఎండ టైంకి సరిపోతుంది. పులికాట్ ఆదివారం ఏది అనుకుంటున్నారో చెప్పండి, నేను ఊళ్ళో ఉంటే పడవ మాట్లాడి పెడతా, నాన్నగారు ఎక్కడానికి వీలుగా పలక ఉన్నది చూస్తా.